వేడినీళ్లలోనే ఉతకవలెను

"ఆ లేబుళ్లు కుట్టింది నేను కాదంటానా? నేనే కుట్టాను. మణికట్టు దగ్గర గీరుకోకుండా నాలుగు మూలలా సన్నకుట్టు వేసి మరీ కుట్టాను. కానీ కుట్టేదాన్ని చదవాలని ఎక్కడుందమ్మా? దర్జీ బొత్తాం కుడుతూ బొత్తాన్ని చదువుతాడా?"

థెల్మా గప్టిల్ ఈ ప్రశ్న వేసింది వంటగది బల్ల మీదున్న అట్టపెట్టెని. జవాబు చెప్పవలసిన పని మాత్రం మైరా మీద పడింది. పెట్టెని మోసుకొచ్చింది ఆమే కదా. చేపలవేటే బతుకైన గ్రాండ్ మనాన్ దీవి దక్షిణపు కొసనున్న ఇళ్లకు పన్నెండేళ్లుగా ఉత్తరాలు పంచుతున్న మైరాకి ఒక అలవాటుంది. థెల్మా ఇంటిని ఆఖరున పెట్టుకుంటుంది. అక్కడ ఒక కప్పు టీ, డబ్బా పాలు పోసినది, ఖాయం. దాంతోపాటు వచ్చే మాటలకి ఎంత సేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

"బొత్తాం మీద రాతలుంటే చదువుతాడేమో, పిన్నీ."

"బొత్తాం మీద రాతలెందుకుంటాయే? నువ్వు ఆ ఉత్తరం ఇంకోసారి చదువు. నెమ్మదిగా. ఇందాక కోపంలో సగం వినలేదు."

మైరా కళ్లజోడు సర్దుకుని చదివింది. ఫ్రెడరిక్టన్ పట్నంలోని చేతిపనుల దుకాణం నుంచి మిస్ లాంబర్ట్ అనే ఆవిడ రాసిన ఉత్తరం అది. "గౌరవనీయులైన గప్టిల్ గారికి. మీ ఊలు చేతితొడుగులు కొన్నవారిలో పదకొండుమంది వాటిని తిరిగి ఇచ్చివేసినారు. అందరి ఫిర్యాదూ ఒక్కటే, పరిమాణము అత్యధికము. ఒక పెద్దమనిషి తన రెండు చేతులూ ఒకే తొడుగులో పట్టినవని తెలియజేశారు."

"ఆగు. రెండు చేతులూ ఒకదాంట్లోనే పెట్టాడా?"

"అలాగే రాసింది."

"పెట్టి ఏం చేశాడట, చప్పట్లు కొట్టాడా?"

"అది రాయలేదు. ఇంకొకావిడ టీ చల్లారకుండా కెటిల్‌కి తొడుగుతోందట. ఆవిడ మాత్రం వాపసు ఇవ్వలేదు."

"తెలివైన మనిషి. తరవాత?"

"లేబుల్‌పై సూచించినట్లు చల్లని నీళ్లలో చేతితో ఉతికి, పిండక, పరచి ఆరబెట్టినను పరిమాణములో మార్పు లేదని వారు చెప్పుచున్నారు. ఇకముందు తొడుగులను మీరే కుదించి, వాడుకకు సిద్ధమైన కొలతలో పంపగలరు. అది వీలుకానిచో మీ సరుకును మా దుకాణములో ఉంచుట కుదరదని విచారముతో తెలుపుచున్నాము. శుక్రవారములోగా మీ నిర్ణయము పంపగలరు."

ఆ రోజు సోమవారం.

థెల్మా పెట్టెలోంచి ఒక తొడుగు తీసి ఎత్తి పట్టుకుంది. మీగడరంగు ఊలు, మెత్తగా, నిండుగా ఉంది. ఎలుగుబంటికి పెళ్లి కుదిరితే పెట్టుకెళ్లడానికి బాగుంటుంది. లోపల మణికట్టు దగ్గర, రెండు తపాలా బిళ్లలంత తెల్లటి లేబుల్. దుకాణం వాళ్లు చుట్టగా పంపినవి, ప్రతిదానికీ ఒకటి కుట్టమన్నారు. ఆమె కుట్టింది. ఊళ్లో పేరున్న చోట అమ్ముతున్నారు కాబట్టి అలంకారానికేమో అనుకుంది.

"చల్లనీళ్లట. పిండకూడదట. పరిచి ఆరబెట్టాలట. చేతితొడుగా, చంటిపిల్లా?"

లేబుళ్ల సంగతిలో థెల్మా అభిప్రాయం ఆ కొసనున్న ఇళ్లన్నిటికీ తెలుసు. కొత్తబట్ట ఇంట్లోకి రాగానే కత్తెర తీసి లేబుల్ కత్తిరించేస్తుంది. ముందుగా చదవదు. అది మెడ వెనక దురద పెట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదని ఆమె నమ్మకం. "ఆ రాసినవాడు ఎప్పుడైనా పీపాలో హెరింగ్ చేపల వాసన పట్టిన చొక్కా ఉతికాడా? వాడి ముఖానికి చల్లనీళ్లు" అంటుంది. ఆమె దుప్పట్లు స్నానపు తొట్టిలో వేసి కాళ్లతో తొక్కుతుంది. చర్చి తెరల్ని సోడా వేసి ఉడకబెడుతుంది. యాభై ఎనిమిదేళ్లుగా ఆమె తీగ మీద బట్టలు తెల్లగా ఎగురుతూనే ఉన్నాయి.

"గెయిల్ స్వెట్టర్ సంగతి మర్చిపోయావా, పిన్నీ?" అంది మైరా.

"దాని సంగతి వేరు."

గెయిల్ థెల్మా కూతురు. హాలిఫాక్స్‌లో జీతంమీద జీతం దాచుకుని మేకఊలు స్వెట్టర్ ఒకటి కొనుక్కుంది. నీళ్లు తగలకూడదు, లాండ్రీ వాళ్లకే ఇవ్వాలి అని దాని మీద రాసి ఉంది. పండక్కి వచ్చినప్పుడు దాని మీద గ్రేవీ పడింది. మర్నాడు గెయిల్ నిద్రలేచి వచ్చేసరికి వేడినీళ్లలో పని జరిగిపోయింది. వాళ్ల కుక్క, కెప్టెన్ అని పిలిచేవాళ్లు, ఆ స్వెట్టర్‌ని తొమ్మిదేళ్లు తొడుక్కుంది. దీవిలో అంత ఖరీదైన బట్ట కట్టినవాళ్లు ఇంకెవరూ లేరు, డాక్టరుతో సహా. కెప్టెన్ చనిపోయిన ఏడాది గెయిల్ అమ్మతో మళ్లీ మామూలుగా మాట్లాడింది.

"ఆ ఒక్కటీ నిజమే చెప్పింది లేబుల్. ఒప్పుకుంటాను" అంది థెల్మా. "కానీ గ్రేవీ మరక పోయిందా లేదా? కుక్కని అడుగు."

మైరా నవ్వి, టీ కప్పు పక్కకు జరిపి, తొడుగులో చెయ్యి పెట్టి చూసుకుంది. ఆమె చెయ్యి దాంట్లో ఎక్కడో పోయింది. పదేళ్లకు పైగా ఈ దీవిలో ఉన్నా ఆమె మంక్టన్ నుంచి వచ్చిన మనిషి. ఆమె మొగుడు ఎల్డన్ పడవ మీద రబ్బరు తొడుగులే వాడతాడు. అందుకని ఆమెకి కొన్ని ప్రశ్నలు అడగడానికి సిగ్గుండేది కాదు.

"నిజంగా ఎందుకు ఇంత పెద్దగా అల్లుతావు?"

థెల్మా ఆమెను వింతగా చూసింది. "ఎందుకంటే అది ఇంకా తొడుగు కాలేదు. సగమే అయింది. అల్లేది నేను. మిగతా సగం తొడుక్కునేవాడిది."

"అంటే?"

"నీకు ఎల్డన్ చెప్పలేదా? ఛ, వాడికేం తెలుసు, రబ్బరుగాడు. చూడు. పడవ మీద వేటకెళ్లినవాడు దీన్ని తొడుక్కుంటాడు. ఇంజను దగ్గర బకెట్లో సముద్రపు నీళ్లు వేడిగా ఉంటాయి, చెయ్యి ఓర్చుకునేంత. అందులో ముంచుతాడు. పిండుతాడు. మళ్లీ తొడుక్కుని, లాబ్‌స్టర్లు పట్టే బోనుల తాళ్లు నీళ్లలోంచి లాగుతాడు. మళ్లీ ముంచుతాడు. ఆ వేడికీ ఉప్పుకీ రాపిడికీ ఊలు ముడుచుకుంటుంది. మూడు రోజులకి వాడి చేతికి పట్టేస్తుంది, బొటనవేలి కణుపుతో సహా. చెక్కలా అవుతుంది. అందులోంచి గాలి దూరమన్నా దూరదు."

"అప్పుడు ఆరబెట్టుకుని తొడుక్కుంటారు."

"ఆరబెట్టడమేంటి? తడిగానే."

"నవంబర్లో? తడివి?"

"పొడితొడుగులు చర్చికమ్మా. తడిపి పిండినది ఇంకా వెచ్చగా ఉంటుంది. ఎందుకని అడక్కు. ఊలుకి తెలుసు."

మైరా ఒకసారి కిటికీలోంచి తన బండిని చూసింది. రోజుకి రెండొందల డెబ్బయి ఉత్తరాల పెట్టెల దగ్గర కిటికీ దించి చెయ్యి చాపాలి. నూలు తొడుగులు పెట్టుకుంటే పదో ఇంటికి వేళ్లు ఆమెవి కాకుండా పోతాయి.

"అయితే మిస్ లాంబర్ట్ అడిగినదాంట్లో తప్పేముంది పిన్నీ? నువ్వే ఇక్కడ వేడినీళ్లలో వేసి కుదించి పంపెయ్. ఒక పూట పని."

థెల్మా లేచి పొయ్యి పక్కకు వెళ్లింది. అక్కడ మేకుకి ఒక జత వేలాడుతోంది. బూడిదరంగు తిరిగిపోయి, అట్టలా బిగుసుకుపోయిన జత. ఆమె దాన్ని తెచ్చి బల్ల మీద నిలబెట్టింది. అది నిలబడింది. కొద్దిగా వంగిన వేళ్లు, పక్కకు తిరిగిన బొటనవేలు. కనబడని తాడు ఏదో పట్టుకుని ఉన్నట్టు ఉన్నాయి రెండూ.

"మా ఆయన బర్టన్‌వి" అంది. "పోయి పదకొండేళ్లు. కుడి బొటనవేలు చూశావా, వంకర? కుర్రతనంలో బోను పడి విరిగింది. తొడుగుకి కూడా అదే వంకర. ఇప్పుడు చెప్పు, పంపాల్సినవి ఎవరి చేతికని కుదించను? నా చేతికా? ఫ్రెడరిక్టన్‌లో నా చేతులున్నవాళ్లు ఎంతమంది?"

మైరా ఆ వంకర బొటనవేలిని తాకి చూసింది.

"మా అత్త బ్యూలా ఒకటి చెప్పేది. ఇంకొకరి చేతికి ముడుచుకున్న తొడుగు నీ చేతికొచ్చిందంటే, ఆ మనిషి ఇక లేడని అర్థం. అంతే. బతికున్నవాళ్లకి వదులువి ఇవ్వాలి. నేను ఇప్పుడు కుదించి పంపితే, ఆ పట్నం వాళ్లకి నేనిచ్చేది ఏంటి? ఎవరో పోయినవాడి చేతులు."

"మరి ఆవిడకి ఏమని రాయను?"

"కుదరదని రాయి."

"కుదరదంటే వాళ్లు మానేస్తారు పిన్నీ."

"మానేయనీ." అలా అన్నదే గానీ ఆమె చేతులు బల్ల మీద ఊరుకోలేదు. లేని సూదుల మీద లేని దారాన్ని చుడుతున్నాయి. "దీవిలో నావి తొడుక్కునేవాళ్లు ఇంకా ముగ్గురున్నారు. ఇంగర్సోల్ అన్నదమ్ములిద్దరూ, హైరమ్. మనిషికి రెండు జతలు. ఆరు. మార్చి రాకుండానే అయిపోతాయి. ఆ తరవాత ఏం చెయ్యను, చెప్పు? ముసలాళ్ల హాల్లో కూచుని పేకముక్కలు పంచనా? మొన్న వెళ్లాను. అక్కడ ఓ మనిషి నాకు ఆకుల బొమ్మకి రంగులు వెయ్యమని ఇచ్చింది, పచ్చరంగు ఇచ్చి. నేను పాలడెయిరీలో పుట్టినదాన్ని, ఆకు ఏ రంగో నాకు తెలుసు."

మైరాకి ఆ మాటతో సంగతి అర్థమైంది. ఆ పెట్టెలో వాపసు వచ్చింది తొడుగులు కాదు. థెల్మాకి ఇకముందు ఉండబోయే చలికాలాలు.

అయినా ఓదార్చే మనిషి కాదు మైరా. ఆమెకి వచ్చిన విద్య ప్రశ్న అడగడం ఒక్కటే.

"నీకు మొదటిసారి ఎవరు చెప్పారు పిన్నీ, వేడినీళ్ల సంగతి?"

"చెప్పేదేముంది? అందరికీ తెలిసిందేగా."

"నువ్వు అవతలి ఒడ్డు దాటి ఎక్కడో లోపలున్న ససెక్స్ దగ్గర పాలడెయిరీలో పుట్టావన్నావు. అక్కడ సముద్రం లేదు."

 థెల్మా ముఖం మీదకి నెమ్మదిగా ఒక నవ్వు వచ్చింది. దాన్ని ఆపడానికి చాలా ప్రయత్నించింది.

"ఎవరూ చెప్పలేదు" అంది.

"అంటే?"

"పెళ్లయిన మొదటి శరత్కాలం. బోనులు దించే రోజు ఇంకా వారం ఉంది. మొగుడికి నా చేత్తో తొడుగులు అల్లివ్వాలని నాకు బుద్ధి పుట్టింది. భోజనమయ్యాక వాడు కుర్చీలో కునుకు తీస్తుంటే చేతికి దారం చుట్టి కొలత తీసుకున్నాను. ఏం కొలతనుకున్నావ్? ఒక్క కుట్టు ఎక్కువ లేదు, తక్కువ లేదు. తొడిగితే చర్మంలా పట్టింది. మా అత్తకి చూపించాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, 'చక్కగా ఉన్నాయి' అంది. ఇంకో మాట లేదు."

"ఆవిడ చెప్పలేదా?"

"వింటావా? బోనులు దించే రోజు. తెల్లారి బయల్దేరారు. మొదటి వరస దించేటప్పుడు వెచ్చగా ఉన్నాయన్నాడట. బకెట్లో ముంచాడు. రెండో వరసకి కాస్త బిగుతుగా ఉన్నాయన్నాడు. మళ్లీ ముంచాడు. చెయ్యి చల్లబడితే ముంచడమే కదా వాళ్ల అలవాటు. మూడో వరసకి వేళ్లు వంగడం మానేశాయి. నాలుగో వరసకి చేతులు రెండూ గరిటెల్లా తయారయ్యాయి. తీద్దామంటే రావు. వర్నన్ అని ఒకడుండేవాడు పడవలో. వాడు ఎర కోసే కత్తి తీసి మణికట్టు దగ్గర్నుంచి చీల్చాడు. బయటికొచ్చిన తొడుగులు ఇంతున్నాయి." థెల్మా చూపుడువేలూ బొటనవేలూ కాస్త ఎడంగా పెట్టి చూపించింది. "వర్నన్ వాటిని రేవులో అందరికీ చూపించాడు. 'మీ ఇంట్లో పిల్లాడు పుట్టాడా బర్టన్, మాకు చెప్పలేదే' అన్నాడు. ఆ రోజు నుంచి మా ఆయన పేరు చంటోడు. నలభై ఏడేళ్లు చంటోడే. ఆరడుగుల రెండంగుళాల మనిషి. శవపేటిక మోసినవాళ్లలో ఒకడు కన్నీళ్లు తుడుచుకుంటూ 'వెళ్లొస్తాం చంటోడా' అంటే పాస్టర్‌కి ఏమీ అర్థం కాలేదు, పాపం, కొత్తవాడు."

మైరా బల్ల మీద తల పెట్టుకుని నవ్వుతోంది.

"క్రిస్మస్ చెట్టుకి నువ్వు చూసే ఉంటావు, చిన్న తొడుగుల జత. కొన్నవనుకున్నావేమో. అవే."

"మీ అత్తని అడిగావా, ఎందుకు చెప్పలేదని?"

"అడిగాను. ఏడుస్తూ అడిగాను. ఏమందో తెలుసా? 'అందరికీ తెలుసనుకున్నానమ్మా' అంది."

 పొయ్యి మీద కెటిల్ సన్నగా కూస్తోంది. ఆ మాట నోట్లోంచి వచ్చాక థెల్మా అట్టపెట్టె వైపు చూసింది, ఉత్తరం వైపు చూసింది. తరవాత ఒక తొడుగు తీసి లోపలి అంచు బయటికి తిప్పి, జీవితంలో మొదటిసారిగా లేబుల్‌ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివింది. పెదాలు కదిలాయి. మూడు వాక్యాలకి ఒక నిమిషం పట్టింది.

"పాపం" అంది చివరికి. "ఆ రెండు చేతులూ పెట్టిన మనిషి. రాసినట్టే చేశాడు. వాడిదేం తప్పు?"

కుట్టుపెట్టెలోంచి చిన్న కత్తెర తీసింది. పదకొండు జతల లేబుళ్లూ ఒక్కొక్కటే కత్తిరించి పొయ్యిలో వేసింది. "నీ దగ్గర పెన్నుందా? ఉత్తరాల మనిషివి, ఉంటుందిలే. రాయి. నా లేబుల్ నేను రాస్తాను."

రాయడం అంత తేలిక కాలేదు. థెల్మా మొదటిసారి చెప్పింది రాయడానికి మైరా దగ్గరున్న 'ఇంట్లో ఎవరూ లేరు' అని తలుపులకి అంటించే కాగితాలు నాలుగు వెనకా ముందూ నిండిపోయాయి. అందులో బకెట్ ఎలాంటిది కొనాలో, హెరింగ్ ధరలు పడిపోయిన ఏడాది ఏం జరిగిందో, వర్నన్ రెండో పెళ్లీ ఉన్నాయి.

"పిన్నీ, లేబుల్ రెండు తపాలా బిళ్లలంత."

"అయితే 'వేడినీళ్లు' అని రాయి. చాలు."

"అంత రాస్తే సబ్బేసి మెషీన్లో పడేస్తారు."

"మెషీన్లో వద్దు. మెషీన్ చేతులు వేరు." ఆలోచించింది. "'సముద్రపు నీళ్లు' అని చేర్చు."

"ఫ్రెడరిక్టన్‌లో సముద్రం ఎక్కడుంది?"

"నది ఉందిగా."

"నదిలో ఉప్పుండదు."

"ఆ ఊరివాళ్లకి అన్నీ కొరతే. బకెట్‌కి రెండు గుప్పిళ్ల ఉప్పు అని రాయి. గుప్పిడి అంటే తెలుసా వాళ్లకి?"

"తెలుస్తుందిలే. ఎంత వేడి?"

"చెయ్యి ఓర్చుకునేంత."

"ఎవరి చెయ్యి?"

"తొడుక్కునేవాడి చెయ్యే మైరా, ఇంకెవరిది? అదే కదా ఇందాకణ్నుంచీ చెబుతున్నాను."

తాళ్లు లాగడం అన్నచోట ఇద్దరూ చాలాసేపు ఆగిపోయారు. పట్నంలో తాళ్లు లాగేవాళ్లు ఎవరు? మంచు తవ్వుకోవచ్చు అంది మైరా. కట్టెలు మోసుకోవచ్చు అంది థెల్మా. కుక్కని తిప్పుకోవచ్చు అంది మైరా. కుక్క అనగానే ఇద్దరికీ గెయిల్ స్వెట్టర్ గుర్తొచ్చి మళ్లీ ఆగారు. టీ రెండోసారి కాచారు. కాగితాలు ఏడు అయ్యాయి. ఆఖరికి మిగిలింది ఇది:

ఇవి ఇంకా సగమే తయారైనవి. మిగతా సగం మీది. తొడుక్కుని, చెయ్యి ఓర్చుకునేంత వేడి ఉప్పునీళ్లలో ముంచి, గట్టిగా పిండి, తడివి తడిగానే తొడుక్కుని ఏదైనా పని చేయండి. చేతికి పట్టేదాకా రోజూ ఇంతే. చల్లని నీళ్లు వద్దు. మరొకరికి ఇవ్వవద్దు.

"ఇది కూడా రెండు బిళ్లల్లో పట్టదు" అంది మైరా.

"పట్టకపోతే అట్టముక్క మీద రాసి ఊలుదారంతో కడతాను. పెద్దదైతే ఏం? వేడినీళ్లలో ముంచితే ముడుచుకుంటుంది."

మైరా లేచి కోటు వేసుకుంది. ఉత్తరాల సంచీ భుజానికి తగిలించుకుంటుంటే థెల్మా ఆ పదకొండు జతల్లోంచి ఒక జత ఏరి, తన చేతులతో ఒకసారి నిమిరి, మీదొక అట్టముక్క కట్టి ఆమె చేతిలో పెట్టింది.

"ఇవి నాకా? డబ్బు—"

"డబ్బేంటి నీ మొహం. వాపసొచ్చిన సరుకు. నువ్వు పన్నెండేళ్లయినా బయటిదానివే, నేను యాభై ఎనిమిదేళ్లయినా బయటిదాన్నే. నీకు వీటి సంగతి ఏమీ తెలీదు. అందుకే నువ్వు పనికొస్తావు."

"ఇప్పుడు తెలుసుగా. ఇందాకణ్నుంచీ విన్నాను."

"విన్నది మర్చిపో. ఆ అట్ట మీద ఏం రాసుందో అదే చెయ్యి. ఒక్క ముక్క ఎక్కువ చెయ్యకు, ఒక్క ముక్క తక్కువ చెయ్యకు. ఎల్డన్‌ని అడగొద్దు. హైరమ్‌ని అసలే అడగొద్దు, వాడు నవ్వుతాడు. అర్థం కాకపోతే నాకు ఫోను చెయ్యొద్దు. రేపూ ఎల్లుండీ ఆ రెండొందల డెబ్బయి పెట్టెల దగ్గరా వీటితోనే చెయ్యి చాపు." థెల్మా తలుపు తీసి పట్టుకుంది. బయటి నుంచి సముద్రపు గాలి చల్లగా లోపలికి కొట్టింది. "గురువారం వీటిని తొడుక్కుని రా. నీ చేతికి పడితే, శుక్రవారం ఫెర్రీకి ఆ మిస్ లాంబర్ట్‌కి పెట్టె కట్టి పంపుదాం. పట్టకపోతే తప్పు నీది కాదు, రాతది, కూచుని మళ్లీ రాద్దాం. వెళ్లు. నా జన్మలో ఏ లేబుల్ మాటా నేను వినలేదు గానీ, నువ్వు మాత్రం దీన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించమ్మా."